మా వీధి మురుగు కాలువ: కొలతలు, ఖర్చులు, చెడిపోయిన పనులు

భీమవరం దగ్గర ఒక డెల్టా ఊరు. సీసీ రోడ్డు పక్కన 180 మీటర్ల సైడు కాలువ, అందులోకి నీళ్లు వదిలే ఇళ్లు 46. కాలువ చివర బోదె (చిన్న నీటి కాలువ), ఆ బోదె పోయి యనమదుర్రు డ్రెయిన్‌లో (పెద్ద మురుగు కాలువ) కలుస్తుంది. నీళ్లు నిలిచి కంపు కొట్టే మా సైడు కాలువను వీధివాళ్లమే పూనుకుని బాగుచేసుకున్నాం. కాలువ పంచాయతీది కాబట్టి పని మొదలెట్టక ముందే కార్యదర్శి గారి దగ్గర రాతలో అనుమతి, గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు సంతకం తీసుకున్నాం. ఆ కాగితం లేకుండా గునపం పట్టొద్దు. ఎవరి ప్రహరీ అయినా బీట తీసిందంటే మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇదే పని తలపెట్టినవాళ్లు మాకు చెడిపోయిన దగ్గరే ఎక్కువసేపు ఆగండి. డబ్బు అక్కడే పోయింది.

దశ 1: వాసన లెక్క (ఏప్రిల్)

వీధిలో ఎవరిని అడిగినా కంపు బోదె నుంచే అన్నారు. అందుకని మొదట్లో ఒక ఇంటికి, మధ్యలో ఒక ఇంటికి, చివర ఒక ఇంటికి నోటు పుస్తకాలు ఇచ్చాం. ఉదయం ఆరు, మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి తొమ్మిదికి ఒక అంకె వేయాలి.

0 – లేదు
1 – కాలువ దగ్గరికెళ్తే తెలుస్తుంది
2 – అరుగు మీద కూర్చుంటే తెలుస్తుంది
3 – తలుపేసుకున్నా తెలుస్తుంది

బోదె పక్కింట్లో ఎక్కువగా 1 పడింది. మధ్య ఇంట్లో రాత్రి, తెల్లవారు జామున దాదాపు అన్నీ మూడులే. మధ్యాహ్నం అదే ఇంట్లో 1కి దిగేది. రాత్రి గాలి ఆడదు, కాలువ మీద లేచింది అక్కడక్కడే ఉండిపోతుంది. పగలు వెళ్లి చూసే అధికారికి "అంత వాసనేం లేదే" అనిపించేది ఇందుకే. పుస్తకం చూపించాక ఆ మాట రాలేదు.

మధ్య ఇంటావిడ ఇంకో సంగతి చెప్పారు. "పట్టీలు మెరుగు పెట్టించి రెండు నెలలు కాలేదండి, మళ్లీ నల్లబడిపోయాయి." కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల. వెండి నల్లబడేదీ దానివల్లే. కరెంటు రాగి తీగ ముక్కలు మూడు తీసుకుని గరుకు కాగితంతో మెరిసేలా తోమి, మూడు చోట్లా కాలువకు అడుగు పైన కట్టాం. మధ్యది వారం తిరగకుండా గోధుమ రంగు దాటి నలుపుకు వచ్చింది. మిగతా రెండూ కాస్త మసకబారాయంతే. చవకైన పరీక్ష. వానకు తడవకుండా పైన కొబ్బరి చిప్ప బోర్లించండి.

అప్పటిదాకా పంచాయతీ వారానికోసారి కాలువ గట్టున బ్లీచింగ్ చల్లిస్తోంది. సున్నం గీత గీసినట్టు చూడ్డానికి బాగుంటుంది. నిలవ మురుగులో ఆ క్లోరిన్‌ని కుళ్లు సరుకే తినేస్తుంది. గంటసేపు బ్లీచింగ్ వాసన, తర్వాత పాత వాసన. అడుగునున్న బురదలో గాలి లేనిచోట బతికే బాక్టీరియా గ్యాసు వదులుతూనే ఉంటుంది. కర్రతో పొడిస్తే బుడగలు పైకి వచ్చేవి.

ఖర్చు: 0. మొత్తం: 0.

దశ 2: మట్టాలు

కాలువ ఎటు వాలుగా ఉందో కంటితో చెప్పలేం, ముఖ్యంగా మా పల్లపు నేలలో. తాపీ మేస్త్రుల లెవెల్ ట్యూబు తెచ్చాం. రసమట్టం ఇంత దూరానికి పనికిరాదు.

1. 100 అడుగుల తెల్ల ట్యూబులో నీళ్లు నింపాలి. లోపల ఒక్క బుడగ ఉన్నా కొలత తప్పే. కాస్త నీలిమందు కలిపితే ఎండలోనూ నీటి గీత కనిపిస్తుంది.
2. మొదటి ఇంటి గోడ మీద గీత పెట్టి, అదే మట్టాన్ని 15 మీటర్లకు ఒకసారి ముందుకు మోయాలి.
3. నడిచేటప్పుడు రెండు కొసలూ బొటనవేలితో మూసి, కొలిచేటప్పుడు రెండూ వదలాలి. ఒకరు వదలకపోతే తప్పు మట్టం వస్తుంది, చూడ్డానికి మాత్రం నిజంలాగే ఉంటుంది.
4. గీత నుంచి కాలువ సిమెంటు అడుగు దాకా కొలవాలి, బురద పైకి కాదు. ఇనుప చువ్వ దించి, టక్‌మన్నాక చూడాలి.
5. చివరి నుంచి వెనక్కి మోసుకొచ్చి మొదటి గీతతో సరిచూడాలి. మాకు 6 మిల్లీమీటర్ల తేడా వచ్చింది, చాల్లే అనుకున్నాం.

గీత నుంచి కాలువ అడుగు ఎంత కిందికి ఉందో ఇదీ:

0 మీ. – 62 సెం.మీ.
30 మీ. – 66
60 మీ. – 71
90 మీ. – 83
120 మీ. – 69
150 మీ. – 76
180 మీ. – 84

మొత్తం దిగుడు 22 సెంటీమీటర్లు, అంటే 800లో 1 కంటే కాస్త తక్కువ. అదే పలుచటి వాలు. దానికి తోడు 120 దగ్గర అడుగు పైకి లేచింది. 90 నుంచి 120కి నీళ్లు 14 సెంటీమీటర్లు ఎక్కాలి, ఎక్కవు కదా. అందుకని నీళ్లు 69 మట్టం దాకా నిండి, ఎగువన 48వ మీటరు దగ్గర నుంచి 120 దాకా 72 మీటర్లు చెరువులా నిలబడుతున్నాయి. రాగి తీగ నల్లబడింది సరిగ్గా అక్కడే.

120 దగ్గర అడ్డవీధి తూము ఉంది. రోడ్డు మీద రోడ్డు వేసినప్పుడు తూమును కూడా పైకి జరిపి వేశారు. కాలువను ఎవరూ చూడలేదు.

ఖర్చు: ట్యూబు 450, స్టీలు టేపు 250, రంగు 100. మొత్తం: 800.

దశ 3: ఇంకుడు గుంత (మే–జూన్) – డెల్టాలో చేయొద్దు

వంటింటి నీళ్లు కాలువలోకే రాకపోతే పని సగం తగ్గుతుందని ఒకింటి దొడ్లో 4 అడుగుల గుంత తవ్వాం. నాందేడ్ వైపు పల్లెల్లో ఇవి బాగా నడిచాయి. ఉపాధి హామీ పనుల్లోనూ వేయించారు. ముందు పరీక్ష చేశాం. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తవ్వి, ముందురోజు నీళ్లు పోసి నాననిచ్చి, మర్నాడు మళ్లీ నింపి చూస్తే ఒక సెంటీమీటరు దిగడానికి రెండు గంటలు పైనే పట్టింది. నల్ల జిగట మన్ను, నీరు తాగదు. అక్కడే ఆపాల్సిన పని. వరలు అప్పటికే దిగాయని, గుంత పెద్దది కదా చూద్దామని ఇంటివాళ్లు పట్టుబట్టారు.

మే నెలలో, పంట కాలువలు కట్టేసినప్పుడు, నేలలో నీళ్లు 5 అడుగుల లోతున ఉన్నాయి. జూన్‌లో కాలువలకు వదిలాక రెండున్నర అడుగులకు వచ్చేశాయి. గుంతలోకి కింద నుంచే నీరు ఊరింది. పైన పోసింది పెరట్లోకి పొంగింది. గుంత పూడ్చి బీర పాదు పెట్టుకున్నారు.

గుంత అడుగుకూ నేల నీటికీ మధ్య కనీసం ఆరడుగుల పొడి మన్ను ఉంటేనే ఈ పద్ధతి. ఎర్ర నేలలకు, మెరక ఊళ్లకు పెట్టింది పేరు. మా పల్లానికి కాదు.

ఖర్చు: వరలు, కంకర, కూలి 3,400. మొత్తం: 4,200.

దశ 4: పూడిక

కాలువ వెడల్పు 45 సెంటీమీటర్లు, పూడిక సగటున 15. లెక్కన 12 ఘనపు మీటర్లు. ట్రాక్టరు తొట్టి నాలుగు ట్రిప్పులు నిండుగా, అయిదోది కొద్దిగా.

పూడిక తీయడం కొత్తేం కాదు, ఏటా తీస్తూనే ఉన్నారు. తీసింది గట్టు మీదే పోస్తారు, "ఎండాక ఎత్తుతాం" అంటారు. మొదటి వానకు మళ్లీ కాలువలోకి జారుతుంది. ఈసారి తొట్టి పక్కన నిలబడితే తప్ప పార కాలువలో దించొద్దని ఒప్పందం పెట్టుకున్నాం. పారిశుధ్య సిబ్బందికి బూట్లు, మోచేతుల దాకా గ్లవ్స్, పొడుగు పిడి పారలు ఇచ్చాం. గాజుపెంకులు బోలెడు వచ్చాయి. ఒక బూటు అడుగు చీలింది, కాలికి తగల్లేదు.

మూసిన గొయ్యిలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ మనిషిని దించకూడదు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైనప్పుడు ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయిందనుకుని దిగినవాడు పైకి రాడు. యంత్రంతో తోడించడానికి 14420 హెల్ప్‌లైన్ ఉంది.

పూడికలో ఏముందో చూస్తే ఇసుక సగం, మిగతాది అన్నం మెతుకులు, చేప పొలుసు, షాంపూ పొట్లాలు. నోటు పుస్తకంలో సోమవారాలు మిగతా రోజులకంటే ఎందుకు ఎక్కువో అప్పుడు అర్థమైంది. మా వైపు ఆదివారం చేపలు కడగని ఇల్లుండదు. 20 లీటర్ల రంగు బకెట్టుకు పక్కన గొట్టం, పైన జల్లెడ పెట్టి వంటింటి నీళ్ల దారిలో ఉంచితే మెతుకులు, పొలుసు అక్కడే ఆగుతాయి. కొన్నిళ్లలో బాగా నడుస్తోంది. కొన్నిళ్లలో జల్లెడ తీసి పక్కన పడేశారు. రోజూ దాన్ని ఎవరు దులపాలన్నది మొగుడూ పెళ్లాలు తేల్చుకోవాల్సిన విషయం, నేను దూరలేదు.

ఖర్చు: కూలి 5,600, ట్రాక్టరు 3,200, బూట్లు–గ్లవ్స్–పారలు 1,400. మొత్తం: 14,400.

పూడిక తీశాక మధ్య ఇంటి అంకె 3 నుంచి 1కి దిగింది. మూడు వారాలకు మళ్లీ 2. మట్టాలు అలాగే ఉన్నాయి మరి.

దశ 5: తూము, కాలువ అడుగు

రెండు పనులు: 120 దగ్గర తూము కిందికి దించడం, 48 నుంచి 180 దాకా అడుగు మళ్లీ వేయడం. 0కీ 180కీ మధ్య ఒకే వాలు పట్టుకుంటే 90 దగ్గర 73, 120 దగ్గర సుమారు 77, 150 దగ్గర 80 రావాలి. అంటే 90 దగ్గర 10 సెంటీమీటర్లు నింపాలి, 120 దగ్గర 8, 150 దగ్గర 4 తవ్వాలి.

అడుగు బల్లపరుపుగా వేయొద్దని మేస్త్రిని ఒప్పించడానికే ఎక్కువ టైమ్ పట్టింది. కారణం ఇదీ. ఉదయం అందరూ నీళ్లు వాడే వేళ కూడా ఈ కాలువలో పారేది సెకనుకు అర లీటరు పైచిలుకు. 45 సెంటీమీటర్ల పల్లెం లాంటి అడుగు మీద అది ఒక సెంటీమీటరు మందాన పరుచుకుని పాకుతుంది, మెతుకు ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. అదే నీరు 15 సెంటీమీటర్ల అర్ధచంద్రం గాడిలో పడితే మూడు సెంటీమీటర్ల లోతుతో, రెట్టింపు వేగంతో పోతుంది. 160 ఎంఎం పీవీసీ పైపును నిలువునా రెండుగా కోసి, ఆ చెక్కను అచ్చుగా నొక్కి గాడి తీశాం.

1. మట్టం గీతలు 5 మీటర్లకు ఒకటి, రంగుతో గోడ మీద.
2. ఎగువ నీళ్లు ఆపడానికి ఇసుక బస్తాలు. ఆ రెండు మూడు గంటలు నీళ్లు వాడొద్దని ముందురోజే ఇంటింటికీ చెప్పాలి.
3. తవ్వాల్సిన చోట బ్రేకర్‌తో పగలగొట్టి, తడిపి, కాంక్రీటు.
4. పైపు చెక్కకు పాత ఇంజిన్ ఆయిల్ కాస్త పూయాలి, లేకపోతే పీకేటప్పుడు గాడి అంచు ఊడొస్తుంది. మొదటి 5 మీటర్లు ఇలాగే పోయి మళ్లీ వేశారు.
5. గాడి ఆరకముందే లెవెల్ ట్యూబుతో మళ్లీ చూడాలి. మా 110వ మీటరు దగ్గర సెంటీమీటరున్నర ఎత్తు తేలింది. పచ్చిమీద కాబట్టి తాపీతో గీకేశారు.

వేగం కొలవడానికి వేరుశెనగ డిప్ప వదిలాం. ఎగువ భాగంలో, పాత అడుగు మీద, 10 మీటర్లకు 85 సెకన్లు. కొత్త గాడిలో 47. మురుగు తనంతట తానే కొట్టుకుపోవాలంటే సెకనుకు 60 సెంటీమీటర్ల వేగం కావాలంటారు ఇంజినీర్లు. మాది 21. ఈ నేలలో 60 రాదు, నేల దిగుడే లేదు. అందుకని 30 మీటర్లకు ఒక చిన్న ఇసుక గుంట, అడుగున్నర లోతుది, పెట్టాం. కాలువ మొత్తం కాకుండా ఆ గుంటలే నెలకోసారి తోడితే సరిపోతోంది.

ఖర్చు: సిమెంటు 26 బస్తాలు 9,880, ఇసుక–చిప్స్ 8,500, మేస్త్రి–కూలి 14,000, తూము గొట్టాలు 5,200, బ్రేకర్ అద్దె 1,800, పీవీసీ 1,150. దశ మొత్తం 40,530. ఇప్పటిదాకా: 54,930.

ఇంటికి వెయ్యి చొప్పున వేసుకున్నాం. తూము గొట్టాలు, ట్రాక్టరు పంచాయతీ భరించింది.

దశ 6: ర్యాంపులు

సాంకేతికంగా తేలిక, మనుషులతో కష్టం. 11 ఇళ్ల ముందు కాలువ మీద కాంక్రీటు ర్యాంపు, దాని కింద 4 అంగుళాల పైపు. పూడిక తీసేవాళ్లకు లోపలికి చెయ్యి పోదు, చువ్వ పోదు. ఒక పెద్దాయన కుర్చీ తెచ్చుకుని ర్యాంపు మీదే కూర్చున్నారు.

"బద్దలుకొట్టేస్తే బండి ఎలా ఎక్కుద్దండి? మీరెత్తి పెడతారా?"

"బాబాయ్ గారూ, బద్దలుకొట్టి వదిలెయ్యం కదండి. పలకలు వేస్తాం, కావాల్సినప్పుడు తీసుకోవచ్చు."

"ఆయ్, ముందు మీ గుమ్మంలో వేసి చూపించండి, తర్వాత నా దగ్గరికి రండి."

అదే చేశాం. మా ఇంటి ముందు ర్యాంపు తీయించి 60 x 45 సెంటీమీటర్ల ఆర్‌సీసీ పలకలు నాలుగు పరిచి, పెద్దాయన మనవడి చేతే మోటారు సైకిలు ఎక్కించాం. పలకకు రెండు వైపులా ఇనుప కొక్కేలు పోతలోనే పెట్టించండి. కొక్కెం లేని పలకను లేపబోతే వేళ్లు నలుగుతాయి. కారున్న రెండిళ్లకు పలక మందం 10 సెంటీమీటర్లు చేశాం, మిగతావి ఏడున్నర.

పైపు తీసిన ఒకచోట లోపల ఇటుక ఇరుక్కుని ఉంది. ఎన్నేళ్ల నుంచో.

ఖర్చు: 44 పలకలు, ఒక్కోటి సగటున 350, 15,400. ఇది ఆయా ఇళ్లవాళ్లే పెట్టుకున్నారు. మొత్తం: 70,330.

దశ 7: కుళాయి పైపులు

అనుకోని దశ. పలకలు వేస్తుంటే 9 ఇళ్ల మంచినీళ్ల పైపులు కాలువ లోపల నుంచే పోతున్నట్టు కనిపించింది. ఊరి చెరువు నీళ్లు రోజుకు కాసేపే వదులుతారు. వదలనప్పుడు లైను ఖాళీ. జాయింటు దగ్గర చిన్న చీలిక ఉన్నా మురుగును లోపలికి లాక్కుంటుంది. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి జనం చనిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

తాగునీటి పరీక్షకు వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు తెచ్చాం. గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి గది వేడిలో ఉంచితే, మలినం ఉన్న నీళ్లు ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. తొమ్మిదిలో రెండు నల్లబడ్డాయి. వదిలిన వెంటనే వచ్చే మొదటి బిందె నీళ్లే పట్టాలి, పది నిమిషాలు పారాక పడితే అంతా బాగున్నట్టే కనబడుతుంది. ఏఎన్‌ఎమ్ గారికి సీసాలు చూపించాం. మర్నాటి నుంచి ఆ రెండిళ్లకు క్లోరిన్ బిళ్లలు వచ్చాయి.

మార్పు: పైపును కాలువ పైకెత్తి, జీఐ (జింకు పూత ఇనుప) గొట్టం తొడిగి, గోడకు క్లాంపు. కాలువ లోపల ఒక్క జాయింటు కూడా ఉండకూడదు. తర్వాత ఆ రెండిళ్ల సీసాలూ నల్లబడలేదు. కుళాయి కొసన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, వీధి చివరి ఇంట్లో చూడండి, మొదటి ఇంట్లో కాదు.

ఖర్చు: పైపులు 3,780, సీసాలు 400. మొత్తం: 74,510.

దశ 8: బోదె ఎదురుతన్నడం (ఆగస్టు) – తేలలేదు

మేలో బోదె నీటి మట్టం మా గీతకు 105 సెం.మీ. కింద ఉండేది. ఆగస్టులో 78కి వచ్చింది. మా కాలువ చివర 84. అంటే బోదె నీళ్లే 6 సెంటీమీటర్లు లోపలికి ఎక్కి, 130వ మీటరు దాకా నిలుస్తున్నాయి. చివరి ఇంటి పుస్తకంలో 1 పోయి 2 వచ్చింది.

లారీ టైరు రబ్బరుతో తలుపు చేసి కాలువ మూతికి బిగించాం. బోదె నీళ్లు ఆగాయి. మా నీళ్లూ ఆగాయి, బయట మట్టం ఎక్కువుంటే తలుపు తెరుచుకోదు. గుర్రపుడెక్క ఆకు ఇరుక్కుని రబ్బరు సగం తెరుచుకుని ఉండిపోవడం ఇంకో తంటా. ఇప్పుడు భారీ వాన పడే రోజు మాత్రమే దించుతున్నాం. ఖర్చు 900. మొత్తం: 75,410.

అసలు పని బోదెలో ఉంది. గుర్రపుడెక్క పేరుకుంది, ఒకచోట చేపల చెరువు గట్టు ముందుకు జరిగి బోదె సగమైంది. వీధి చందాలతో అయ్యేది కాదు. సోమవారం అధికారులకు అర్జీ ఇచ్చాం, మట్టాల పట్టిక, నోటు పుస్తకాల నకళ్లు జతచేశాం. అదీ కదలకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (కొత్త నేర విచారణ చట్టం) 152వ సెక్షన్ ఉంది. పాత సీఆర్‌పీసీలో ఇదే 133. ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. మధ్యప్రదేశ్ రత్లాంలో మురుగు, దుర్వాసన మీద జనం వేసిన కేసులో 1980లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కిందే మున్సిపాలిటీ పని చేసి తీరాలంది, డబ్బుల్లేవన్న సాకు ఒప్పుకోలేదు. 2021–26 నాటి పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో పారిశుధ్యానికి విడిగా వాటా ఉందన్న మాట కూడా అర్జీలో రాశాం.

దోమలు, ఇప్పటి అంకెలు

మురుగులో పెరిగేది క్యూలెక్స్, బోదకాలు తెచ్చేది. గోదావరి జిల్లాలకు అది పాత పీడ. తెల్ల స్టీలు గరిటెతో ముంచి పిల్లపురుగులు లెక్కపెట్టాం. మధ్య భాగంలో ఏప్రిల్‌లో గరిటెకు 40 దాకా, ఇప్పుడు 3. చివరి 50 మీటర్లలో ఇంకా 20 పైనే. ఆయిల్ బాల్స్ (పాత నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు ఉండలు) వేస్తామన్నారు, వద్దన్నాం. ఆ నూనె పోయేది చేపల చెరువులు తోడుకునే బోదెలోకే.

వాసన, ఆగస్టు చివరి వారం, రాత్రి తొమ్మిది: మొదటి ఇల్లు 0, మధ్య ఇల్లు 1, చివరి ఇల్లు 2.

మిగిలినవి:

1. 17 ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నీళ్లు నేరుగా కాలువలోకే. మూడేళ్లకోసారైనా తోడించుకోని ట్యాంకు ట్యాంకు కాదు. అందరికీ ఒకేసారి ట్యాంకరు మాట్లాడుతున్నాం, బేరం తగ్గుతుంది. లోడు నర్సాపురం శుద్ధి కేంద్రానికే వెళ్లాలని, దారిలో డ్రెయిన్‌లో వదలకూడదని షరతు.
2. ట్యాంకుల గాలి గొట్టాలకు నైలాన్ మెష్. 46 ముక్కలు, సైకిలు ట్యూబు రింగుతో బిగింపు.
3. 0 నుంచి 48 మీటర్ల దాకా పాత అడుగే ఉంది. అక్కడ గాడికి ఇంకో 18,000 అవుతుందని మేస్త్రి అంచనా. కాలువలు కట్టేశాక, ఏప్రిల్‌లో.